సంతకం పెట్టే ముందు

మునిసిపాలిటీ వాళ్ళు పంపిన పెట్టెలో
పన్నెండు సంచులు.
ఒక్కోటీ నా పిడికిలంత మడత.
అట్ట మీద బొమ్మ:
మంచులో పడుకుని నవ్వుతున్న మనిషి.
మంచులో అట్లా నవ్వేవాణ్ణి
ఇంతవరకు నేను చూడలేదు.

స్కూలు బస్సు నాది.
ఇనారి సరస్సు వారగా అరవై మూడు కిలోమీటర్లు,
పొద్దున చీకట్లో, మధ్యాహ్నం చీకట్లో.
జనవరిలో మాకు రెండూ ఒకటే.
ఏడుగురు పిల్లలు.
సగం దారి ఫోను మూగది.

"సీటు కింద పడేసి సంతకం పెట్టు, ఐలీ" అన్నాడు
డిపోలో తైస్తో.
"ఎట్లాగూ బస్సులోనే కూర్చుంటారుగా?"
బస్సు అంటుకుంటే? బస్సే లేకపోతే?
పెట్టలేదు.
నేను పడుకోని పక్క మీద
ఇంకొకరి బిడ్డను ఎట్లా పడుకోబెట్టను?

రాత్రి తొమ్మిదింటికి
కట్టెల కొట్టం వెనక్కి నడిచాను.
గోడ మీది థర్మామీటరు మైనస్ పంతొమ్మిది.
రోజూ బస్సులో వేసుకునే కోటే వేసుకున్నాను,
మంచిది వేసుకుంటే మోసం.
సంచి విప్పితే
వెయ్యి బిస్కెట్ పొట్లాలు ఒక్కసారే చింపిన చప్పుడు.
పక్కింటి కుక్క మొరిగింది,
తనకేదో పెడుతున్నాననుకుని.

మొదటి గంట బాగానే గడిచింది.
నా వేడి నాకే తిరిగొస్తోంది,
అప్పు తీసుకున్నవాడు మర్నాడే ఇంటికొచ్చి ఇచ్చినట్టు.
సంతోషమే గాని, కొంచెం అనుమానం.

రెండో గంటకి కింద నుంచి మొదలైంది.
చలి మీద పడుతుందనుకుంటాం.
పడదు.
నేల పీల్చుకుంటుంది.
నడుము, భుజం, మడమ,
ఆనిన చోటల్లా ఒక నోరు.
లేచి వెళ్ళి బస్సులో రబ్బరు చాపలు పీక్కొచ్చాను,
నా సీటు మీది రెయిన్‌డీర్ తోలు కూడా.
పెన్ను గడ్డకట్టింది. పెన్సిలుతో రాసుకున్నాను:
దిగేటప్పుడు ముందు చాపలు. తర్వాతే సంచులు.

ఒంటిగంటకి
నా ఊపిరే నాకు పగ.
లోపల పొరకి అంటుకుని పొడిమంచై
కదిలితే చాలు, మెడలోకి రాలుతోంది.
మూతి బయట పెడితే ముక్కు మండుతుంది,
లోపల పెడితే ఒళ్ళు తడుస్తుంది.
రాసుకున్నాను: మూతి బయట.
పిల్లలు వినరు.
మారెత్ అసలే వినదు, దానికి ఆరేళ్ళు.

సంచి పెద్దవాళ్ళ కొలత.
నా పాదాల కింద ఇంకా మూరెడు ఖాళీ.
ఆ మూరెడు ఖాళీని కాచడానికి
నా దగ్గర ఇంకేం మిగల్లేదు.
మారెత్‌ని ఇందులో పడుకోబెడితే
ఎండిన కాయలో గింజ.
ఆ తర్వాత కంటి మీద కునుకు లేదు,
చలి వల్లనే అని చెప్పలేను.

రెండున్నరకి ఏదో మెత్తగా అడుగులేసింది.
ముందు ముక్కు దూరింది,
తర్వాత మొత్తం కుక్క.
అడగలేదు, సంకోచించలేదు,
నా కడుపు దగ్గర మూడు చుట్లు తిరిగి
ఒక్క నిట్టూర్పుతో ముద్దయి పడుకుంది.
కాసేపటికి నా వేళ్ళు నావయ్యాయి.
అయిదింటిదాకా ఒళ్ళెరగని నిద్ర.

నిజానికి పరీక్ష చెడిపోయిందని రాయాలి.
నేను రాసింది: ఒక సంచికి ఇద్దరు.
కింద జతలు.
అన్నదమ్ములు నీలాస్, యౌని ఒకదాంట్లో.
ఔలాతో పియెర.
బిరేత్, ఇంగా ఒకదాంట్లో
(స్కేట్ల గొడవప్పటి నుంచీ మాటల్లేవు,
ఆ రాత్రి మాట్లాడుకుంటారు లేదా తన్నుకుంటారు,
ఏదైనా వేడే).
ఏడు బేసి సంఖ్య.
చివర మిగిలేది మారెత్, నేనూ.

సంతకం పెట్టాను.
"ఎట్లా ఉంది మరి?" అన్నాడు తైస్తో.
"కుక్క వాసన" అన్నాను.